ర్యాంపు ఫొటో

మా ఆఫీసు గుమ్మానికి ఆరు మెట్లు. రికార్డుల గుమాస్తాను చక్రాల కుర్చీతో సహా ఆరేళ్లుగా రోజూ ఎక్కించి దించేది వాచ్‌మనూ, అటెండరునైన నేనూ. పుణ్యం మూటగట్టుకుంటున్నానని లోలోపల నాకు గర్వంగానే ఉండేది. ఆయన మాత్రం ఆ ఆరేళ్లూ అర్జీలు పెడుతూనే ఉన్నాడు. చట్టం పుస్తకంలో పేజీ తీసి పెద్దసారు బల్ల మీద పెట్టేవాడు. పెద్దసారు దాని మీద టీ కప్పు పెట్టేవాడు.

చివరికి పైవాళ్లు చీవాట్లు పెడితే ర్యాంపు కట్టించారు. మూడడుగుల ఎత్తుకు ముప్పై ఆరడుగుల పొడవు ఉండాలట. అంత పొడవైతే పెద్దసారు కారు నిలిపే చోటు పోతుంది. అందుకని పదడుగుల్లో మమ అనిపించారు. పిల్లలకు జారుడుబల్లగా బ్రహ్మాండంగా పనికొస్తుంది.

పని పూర్తయినట్టు ఫొటో పంపాలి. అందులో గుమాస్తా ఉండాలి, కింద ఆయన సంతకం ఉండాలి. ఆ సంతకం పడితే ఇక ర్యాంపు జన్మలో మారదు.

కుర్చీని సగం దాకా తోశాం. వాచ్‌మన్ తప్పుకున్నాడు. నన్ను కుర్చీ వెనక నక్కి, చక్రాలు పట్టుకుని కూర్చోమన్నారు. చేతులు కనపడకూడదట.

"నవ్వండి సార్," అన్నాడు ఫొటోలు తీసేవాడు.

గుమాస్తా నవ్వలేదు. "అన్నా, వదిలెయ్," అన్నాడు నాతో.

"వదిలితే కిందికి పోతావు కదయ్యా!" అన్నాడు పెద్దసారు.

"ఆ ముక్కే రాయండి సార్, సంతకం పెడతాను."

"ఇన్నాళ్లూ వీళ్లు మోస్తుంటే లేని రోషం ఇప్పుడెందుకు? ఏమోయ్, ఎప్పుడైనా విసుక్కున్నావా?"

"అబ్బే, నాకేం కష్టం సార్," అన్నాను అలవాటుగా.

గుమాస్తా తల తిప్పాడు. "కష్టం నీది కాదన్నా. నువ్వు సెలవు పెట్టినప్పుడల్లా నేనూ సెలవు పెట్టాలి. తెలుసా నీకు?"

తెలియదు. ఆరేళ్లలో ఒక్కసారీ అడగలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

"కానివ్వవయ్యా, ఫొటో తియ్యి," అన్నాడు పెద్దసారు.

చక్రాలు వదల్లేదు. వదిలితే మనిషి దొర్లిపోతాడు. మొహమూ రెండు చేతులూ కెమెరాకు బాగా కనపడేలా పక్కకి జరిగాను. వెనక్కి పొమ్మని పెద్దసారు గొంతు చించుకున్నాడు. పోలేదు. ఆ రోజు తీసిన ప్రతి ఫొటోలోనూ నేనున్నాను.