తడి ఆరేదాకా

తడి నేల మీద నడవడం భర్తకు అలవాటు. ఆమె గది తుడిచి, గుడ్డ పిండి, నడుం ఎత్తేసరికి చెప్పులతో ఈ మూల నుంచి ఆ మూలకు పోతాడు. కొత్తలో ఒకసారి ఆగమంది. "నా ఇంట్లో నేను నడవడానికి నీ అనుమతి కావాలా?" అన్నాడు. పక్కనే ఉన్న అత్తగారు, నీడనిచ్చినవాడి మీద నోరెత్తకూడదని బుద్ధి చెప్పింది. ఆమె మళ్లీ అడగలేదు. మళ్లీ తుడిచింది. పంతొమ్మిదేళ్లుగా ఒకే గదిని రెండుసార్లు తుడుస్తోంది.

ఆ రోజు ఇంటికి ధర కట్టడానికి బ్యాంకు మనిషి వచ్చాడు. మరిది దుకాణం పెడతానంటే, ఇంటి మీద ఇంకో అప్పు తెచ్చిస్తానని భర్త మాటిచ్చాడట. ఆమెకు చెప్పలేదు. టీ పెట్టమని మాత్రం చెప్పాడు. వచ్చినాయన పెద్దవాడు. గుమ్మంలో తడి చూసి, చెప్పులు విప్పి, ఆరనివ్వమ్మా అని బయటే నిలబడ్డాడు. తర్వాత గదులు కొలిచాడు, గోడల చెమ్మ చూశాడు. సంచిలోంచి కాగితాలు తీసి ఆమె ముందు పెట్టాడు.

"మీ సంతకం కూడా కావాలమ్మా. ఇల్లు ఇద్దరి పేరా ఉంది కదా."

అప్పుడు గుర్తొచ్చింది. ఈ ఇల్లు కొన్నప్పుడు తీసిన మొదటి అప్పుకు భర్త జీతం ఒక్కటే చాలదన్నారు. ఆసుపత్రి బట్టలు ఇస్త్రీ చేసి ఆమె తెచ్చే జీతమూ కలిపారు. పెన్సిల్ గీత ఉన్నచోటల్లా సంతకం పెట్టమన్నాడు భర్త. పెట్టింది. చదువుదామంటే అవతల పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. అప్పటి నుంచి ఆమె జీతం పడిన రోజే అందులోంచి వాయిదా పోతుంది. దాన్ని భర్త చేతిసాయం అంటాడు. ఆమె కూడా అదే అనుకుంది.

"ఇందులో మాదెంత?" అని అడిగింది.

నీకెందుకీ లెక్కలని భర్త నవ్వాడు. పెద్దాయన నవ్వలేదు. ఇవాళ ఇల్లు పలికే ధరలోంచి బాకీ తీసేస్తే మిగిలేదే మీ వాటా అన్నాడు.

"ఐదు గదులనుకోండి. నాలుగు మీ ఇద్దరివి. ఒక్కటే బ్యాంకుది. ఇంకో నాలుగేళ్లు కడితే అదీ మీదే. ఈ సంతకం పెడితే మూడు బ్యాంకువి. వాయిదా ఒకటిన్నర రెట్లు, పన్నెండేళ్లు."

ఆమె మణికట్టు మీద ఇస్త్రీ పెట్టె కాల్చిన మచ్చలు చూసుకుంది. ఆ మూడు గదులూ మళ్లీ ఈ చేతులే విడిపించాలి. ఇన్నాళ్లూ ఈ ఇంట్లో తల దాచుకుంటున్నాననుకుంది. తన ఇంట్లోనే తాను ఒదిగి ఒదిగి బతికింది. నెత్తి మీంచి తడిబట్టల మూట దించినట్టయింది.

"నేను పెట్టను" అంది.

తమ్ముడి దగ్గర పరువు పోతుందన్నాడు భర్త.

"మాట మీది, వాయిదా నాదా?"

పెద్దాయన టీ తాగి, కలానికి మూత పెట్టుకుని వెళ్లిపోయాడు. భర్త రెండు రోజులు మాట్లాడలేదు. ఆ రెండు రోజులూ ఆమెకు హాయిగా నిద్ర పట్టింది.

మూడో రోజు పొద్దున్నే గది తుడుస్తుంటే భర్త చెప్పులతో గుమ్మంలోకి వచ్చాడు.

"ఆగండి. ఆరనివ్వండి" అంది, తల ఎత్తకుండానే.

ఎత్తిన కాలు కాసేపు అలాగే ఉంచి, వెనక్కి దించాడు.

ఆ గదిని ఆమె ఆ రోజు ఒక్కసారే తుడిచింది.