గుమ్మం ముందు మెట్టు

వరద వచ్చి పోయిన మూడో ఏడు జరిగిందిది. ఆ వీధివాళ్లు ఏళ్లను అలాగే లెక్కపెడతారు.

వరద తీసిన వారంలో తిండీ మందులూ తెచ్చిన లారీలు వీధి మొదట్లోనే ఆగిపోయాయి. ఇరుకు వీధి. పైగా ప్రతి గుమ్మం ముందూ ఒక రాతి మెట్టు. అప్పుడు గునపం పట్టింది ఆ వీధిలోని తాపీ మేస్త్రీయే. ముందు తన ఇంటి మెట్టు పగలగొట్టాడు. పొద్దు వాలేసరికి వీధిలో ఒక్కటి మిగల్లేదు. లారీలు వచ్చాయి, జనం బతికారు. మెట్లదేముంది, తర్వాత కట్టుకోవచ్చులే అనుకున్నారు.

ఆ తర్వాత అనేది రాలేదు. కరకట్ట పని పట్టిన కాంట్రాక్టరు కన్ను ఆ వీధి మీద పడింది. అడ్డు లేని దగ్గరి దారి. గడపల దాకా తారు పోయించాడు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా రాళ్ల లారీలు, ఒకదాని తోక పట్టుకుని ఇంకోటి, గోడలు అదిరేలా పరుగులు.

ఒక ఉదయం మేస్త్రీ భార్య బట్టలు ఆరేయడానికి బయటికి అడుగు పెట్టింది. ఒక్క అడుగే. మెట్టు ఉంటే ఆ అడుగు మెట్టు మీద పడేది. తారు మీద పడింది, లారీ తొక్కేసింది.

జనం డ్రైవర్ని కిందికి ఈడ్చారు. అతను చేతులు అడ్డం పెట్టుకోలేదు. చెప్పినన్ని ట్రిప్పులు తిప్పకపోతే మర్నాడు ఆ సీట్లో ఇంకొకడు ఉంటాడని మాత్రం అన్నాడు. ఎత్తిన కర్రకు ఆ వీధిలోనే ఉండే కుట్టుపనామె అడ్డం వచ్చింది.

"ఆగండ్రా. తొక్కింది వీడి కాలే. ఆ కాలి మీద ఎవడి కాలుందో చూడరేం?"

కేసు కాకుండా కాంట్రాక్టరు చూసుకున్నాడు. డ్రైవర్ని మాత్రం పన్లోంచి తీసేశాడు.

పదో రోజున వీధంతా అర్జీ పట్టుకుని రోడ్ల ఆఫీసుకు వెళ్లింది. మెట్లు కట్టుకోనివ్వండి, లారీలు వాటంతటవే నెమ్మదిస్తాయని అడిగారు. ఇంజనీరు కాగితం విప్పకుండానే అది ఆక్రమణ అవుతుందన్నాడు.

"మీది ఇప్పుడు వీధి కాదమ్మా, రోడ్డు."

"అలాగా సార్. మరి లారీ మా గడప తొక్కితే దాన్నేమంటారు?" అంది కుట్టుపనామె. ఆయన కాగితాన్ని బల్ల మీద పక్కకు నెట్టాడు.

ఆ సాయంత్రం ఆమె గదిలో కుట్టు మిషను పక్కకు జరిపి కూర్చున్నారు. లారీలు తగలబెడదామన్నారు కొందరు. ఇళ్లు అమ్ముకుని పోదామన్నారు కొందరు. మాటా మాటా పెరిగింది. డ్రైవరు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కూర్చోమని ఎవరూ అనలేదు, పొమ్మనీ అనలేదు. అడక్కుండానే మెట్లు కట్టెయ్యండి, కానీ ఎదురెదురుగా వద్దని అతనే చెప్పాడు. ఒకటి ఇటు, తర్వాతది అటు. అలా కడితే ఎంత మొనగాడైనా లారీని మెలికలు తిప్పుతూ నడిపించాల్సిందే.

అంతదాకా మూల కూర్చున్న మేస్త్రీ లేచాడు. వచ్చి డ్రైవరు ఎదుట నిలబడ్డాడు.

"ఎంత బయటికి రావాలి?"

"మూడు మూరలు, బాబాయ్."

"పగలగొట్టింది నేను. నేనే కడతాను."

లారీలు తిరగని సెలవు రోజున వీధంతా తట్టలు మోసింది. చెయ్యీ చెయ్యీ కలిపి పొద్దుండగానే ముగించారు. తాపీ కడుగుతుండగా పోలీసు వ్యాను వచ్చింది, వెనకే కాంట్రాక్టరు జీపు. జనం గోడలా నిలబడ్డారు. పోలీసు అధికారి గునపం తెప్పించి మేస్త్రీ చేతిలో పెట్టాడు.

"కొట్టడం నీకు అలవాటేగా ముసలాడా. ముందు నీదే కొట్టు."

మేస్త్రీ గునపాన్ని గోడకు ఆనించాడు.

"పచ్చి కట్టడం సార్. కదపకూడదు."

లాఠీ అతని కుడి మణికట్టు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినబడింది. అడ్డం వెళ్లిన కుట్టుపనామెనూ డ్రైవర్నీ ఈడ్చుకుపోయి వ్యానులో పడేశారు. తెల్లారితే కూలగొట్టే మెషిను వస్తుందని చెప్పారు. వ్యాను కదులుతుంటే ఆమె తల బయటికి పెట్టింది.

"మెట్లకు నీళ్లు పట్టడం మర్చిపోకు, అన్నా."

మర్నాడు పొద్దున్నే మేస్త్రీ విరిగిన చేతిని మెడకు కట్టుకుని, ఎడం చేత్తో బిందె మోసుకొచ్చాడు. ముందు కుట్టుపనామె గుమ్మం ముందు మెట్టు తడిపాడు. తర్వాత పక్కదీ, ఎదుటిదీ. వీధి మొదట్లో మెషిను చప్పుడు వినబడింది. ఇళ్లలోంచి ఒక్కొక్కరే బయటికి వచ్చి తమ తమ మెట్ల మీద కూర్చుంటున్నారు. అతను తన ఇంటికి తిరిగొచ్చాడు. మిగిలిన నీళ్లు తన మెట్టు మీద పోసి, దాని మీద తడి గోనె పరిచాడు. కూర్చుని, కాళ్లు తారు మీదికి చాపాడు.