నల్ల పీక, ఇత్తడి కాలు

పాలకొల్లు గుళ్ళో స్వామి కల్యాణానికి సన్నాయి మేళం చిట్టియ్య ఇంటివాళ్ళది. తాత వాయించాడు, తండ్రి వాయించాడు, గోదావరికి ఆనకట్ట కట్టి నలభై ఏళ్ళు దాటిన ఈ రోజుల్లో చిట్టియ్య వాయిస్తున్నాడు. వాయిస్తున్నాడనడం కూడా మొహమాటానికే. కిందటేడు వచ్చిన విషజ్వరం ప్రాణాన్ని వదిలేసి ఊపిరిని పట్టుకుపోయింది. సన్నాయి ఊదడమంటే మాటలా? రెండు కీర్తనలకే మనిషి కళ్ళు తేలేస్తున్నాడు.

అది చూడలేక అతని భార్య అచ్చాయమ్మ రాజమండ్రి వెళ్ళి, పటాలం బ్యాండులో వాయించి మానుకున్న మేనమామ దగ్గర మూలపడున్న క్లారినెట్టు పట్టుకొచ్చింది. నల్లటి పీక. కొయ్య కాదు, కొమ్మూ కాదు. రబ్బరును గంధకంతో కలిపి ఉడికించి గట్టిపరిచిన సరుకట, ఎబొనైటు అంటారట. దానికి సగం ఊపిరి చాలు. ఆరు నెలల్లో చిట్టియ్య దాన్ని లొంగదీశాడు. ధర్మకర్త విని ముఖం చిట్లించి, "సరే, ఈ ఏటికి చూద్దాం. మధ్యలో ఆగిందంటే మాత్రం మేళం చినబాబుకిచ్చేస్తాను" అన్నాడు. చినబాబు అచ్చాయమ్మకు వరసకు అన్నే. అయినా సన్నాయి ఒళ్ళో పెట్టుకుని ఎప్పుడెప్పుడా అని చూస్తున్నవాడు.

కల్యాణం నాలుగు రోజులుందనగా పీక మీది మీట ఒకటి ఊడి చేతిలోకొచ్చింది. మీటను అటూ ఇటూ మోసే బుల్లి ఇత్తడి గుంజల్లో ఒకటి, తన కాలు దూర్చిన బెజ్జంలోంచి జారిపోయింది. బెజ్జం అరిగి వదులైంది. మీట మూసుకోకపోతే గాలి పోతుంది, గాలి పోతే పీక గాడిదలా ఓండ్రపెడుతుంది.

కాలవగట్టున పడవలు కట్టే పల్లంరాజు దగ్గరికి పరిగెత్తాడు చిట్టియ్య. పల్లంరాజు మేకు దిగిన పడవలోకి చుక్క నీరు రాదని పేరు. ఆయన బెజ్జాన్ని బర్మాతో గుండ్రంగా తొలిచి, గుంజ నిలబెట్టి, ఆ పీకను నీళ్ళతొట్టిలో పడుకోబెట్టాడు.

"పొద్దుగూకేలోపు ఉబ్బి పట్టేస్తది. నీళ్ళు తాగాక బిగుసుకోకుండా ఎక్కడికి పోద్దండి?" అన్నాడు ధీమాగా.

సాయంత్రం తీసి చూస్తే పీక చేతికొచ్చింది, గుంజ తొట్టి అడుగునే ఉంది. కొయ్య అయితే తాగేది. ఆ నల్ల సరుకు ఒక్క చుక్క తాగలేదు. పైగా బెజ్జం ఇంకాస్త పెద్దదైంది. కొరివితో తల గోక్కున్నట్టయింది చిట్టియ్యకు. ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"చినబాబుకి కబురంపెయ్యవే" అన్నాడు.

అచ్చాయమ్మకు ఒళ్ళు మండింది. "నోర్ముయ్యి మావా. మూడు తరాల మేళాన్ని గోరంత ఇత్తడికి వదులుకుంటామా?"

ఆమె తండ్రి మంగలికత్తులకు కొమ్ముపిడులు బిగించేవాడు. పిడిలో బెజ్జం ఎప్పుడూ సీలకన్నా సన్నంగానే తొలిచేవాడు. కొమ్మును వేణ్ణీళ్ళలో మెత్తబరిచి సీల నొక్కితే, చల్లారాక కొమ్మే దాన్ని పట్టుకునేది. పిడి ఊగిన కత్తితో గడ్డం గీస్తే ఎవడి గొంతు తెగుతుందో ఎవరికెరుక?

ఈ నల్ల సరుకూ కొమ్ములాగే వేడికి లొంగుతుందేమోనని, మర్నాడు కంసాలి చేత లావుపాటి కాలున్న కొత్త గుంజ ఒకటి, ఉత్త సీలలు మూడు చేయించింది. క్లారినెట్టుతో పాటు మేనమామ ఇచ్చిన వాటిల్లో పగిలిన పాత నోటిపీక ఒకటుంది, అదీ ఎబొనైటే. దానికి బెజ్జాలు తొలిచి ముందు దాని మీద చేసి చూసింది. మొదటి సీల మరీ లావైంది, సరుకు పటుక్కున చిట్లింది. రెండోసారి నీళ్ళు కాగలేదు, సీల దిగనే లేదు. మూడో సీలను కత్తులు నూరే సానరాయి మీద అరగదీసి, బెజ్జంకన్నా వెంట్రుకవాసి లావు ఉండగా ఆపింది. సలసల కాగే నీళ్ళలో ముంచిన గుడ్డ చుట్టేసరికి గంధకం వాసన గుప్పుమంది. సీల దిగింది. చల్లార్చి పట్టకారుతో లాగితే నోటిపీక మొత్తం లేచొచ్చింది గాని సీల ఊడలేదు.

అప్పుడే వచ్చిన పల్లంరాజు గుండె పట్టుకున్నాడు. "వద్దు చెల్లెమ్మా! ఇరుకు బెజ్జంలో లావుసీల దూరుస్తారా ఎవరైనా? అసలు పీక పగిలిందంటే మళ్ళీ దొరకదు."

"నీ పడవకి నీళ్ళెలాగో దీనికి వేడి అలాగ అన్నయ్యా. కదలకుండా పట్టుకో."

నోటితో అంది గాని లోపల ఆమెకూ భయంగానే ఉంది. పగిలితే మొగుడి ఊపిరి పగిలినట్టే. కొత్త గుంజ కాలును కూడా అరగదీసి వెంట్రుకవాసి లావు ఉండగా ఆపి, పీకకు వేడిగుడ్డ చుట్టి, మనసులో వంద లెక్కపెట్టి, బొటనవేలితో నొక్కింది. దిగలేదు. పళ్ళు బిగించి మళ్ళీ నొక్కింది. మెత్తగా, మొదలంటా దిగిపోయింది. కుండలోని చల్లనీళ్ళు పోసింది. వేడి తగిలినచోట నలుపు కాస్త పచ్చబారిందంతే.

పల్లంరాజు పట్టకారుతో గుంజను బలంకొద్దీ లాగాడు. పట్టకారు జారి ఆయనే వెల్లకిలా పడ్డాడు. గోడవైపు తిరిగి పడుకున్న చిట్టియ్య లేచి కూర్చుని నవ్వడం మొదలెట్టాడు. జ్వరం తగ్గాక అతను అలా నవ్వడం అదే మొదలు.

కల్యాణం ముగిసి పగటిపూటే ఊరేగింపు బయల్దేరింది. చిట్టియ్య ముందు, సన్నాయి సిద్ధంగా పట్టుకుని చినబాబు వెనక. మొదటి వీధంతా అచ్చాయమ్మ చూపు ఆ గుంజ మీదే. మీట పడుతోంది, లేస్తోంది, గుంజ మాత్రం అణువంత కదలడం లేదు. రెండో వీధిలో చిట్టియ్య కల్యాణి రాగం ఎత్తుకున్నాడు. మూడో వీధి మలుపులో పైషడ్జం మీద నిలబడి, జనం ఊపిరి బిగబట్టేదాకా దిగలేదు. అచ్చాయమ్మ గుంజను చూడడం మానేసి వినడం మొదలెట్టింది. పల్లకీ పక్కన ధర్మకర్త తల ఊపుతున్నాడు.

నాలుగో వీధిలో చినబాబు తన సన్నాయిని సంచిలో పెట్టి దాని మూతి కట్టేశాడు. పక్కన శ్రుతి పట్టే మనిషి చేతిలోంచి ఒత్తు అందుకుని, చిట్టియ్య వెనక నిలబడి ఊదసాగాడు. ఒకడి వెనక ఒత్తు పట్టడమంటే మేళానికి అతనే పెద్దని నలుగురిలో ఒప్పుకోవడం.

అచ్చాయమ్మ నడివీధిలో నిలబడి బావురుమంది. గెలిచినవాళ్ళు ఏడవకూడదని ఎక్కడా రాసిపెట్టలేదు.