కుడి బల్లకి నడిచిన రోజు

మా దగ్గర ఓట్లు వేసేది ఫైర్ స్టేషన్‌లో. ఆ రోజు మంటలార్పే బండిని బయట ఎండలో నిలబెట్టి, లోపల రెండు బల్లలు వేస్తారు. ఎడమ పక్కది డెమోక్రాట్లది, కుడి పక్కది రిపబ్లికన్లది. నవంబర్ ఎన్నికల్లో ఏ పార్టీ తరఫున ఎవరు నిలబడాలో ఆగస్టులోనే తేల్చే ఓటు ఇది, ప్రైమరీ అంటాం. మా మిసిసిపీలో ఎవరైనా ఏ బల్లకైనా వెళ్లొచ్చు. కానీ ఒక్క బల్లకే. అటు వెళితే ఇటు లేదు. ఓటు రహస్యమే గానీ నడక రహస్యం కాదు. గుమ్మం దాటాక ఎటు తిరిగామో గదిలో ఉన్నవాళ్లంతా చూస్తారు, సాయంత్రానికి మిగతా ఊరు వింటుంది.

నలభై నాలుగేళ్లు నేను ఎడమకే తిరిగాను. మా నల్లవాళ్లం ఇంచుమించు అందరం అటే. ఆ బల్ల దగ్గర పేర్ల పుస్తకం పట్టుకుని కూర్చునేది మా అక్క క్లెమీ. బడి వంటగదిలో పని మానేసిన ఏడాది నుంచీ ఆ కుర్చీ ఆవిడదే. ఓటుకి రాని బద్ధకస్తుల మీద ఆవిడకున్న కోపం సైతాను మీద కూడా లేదు.

మా తమ్ముడు రూఫస్‌కి షుగరు. లైసెన్సు గడువు దాటాక బండి నడిపాడని పట్టుకెళ్లి ఇరవై ఆరు రోజులు కౌంటీ జైల్లో పెట్టారు. ఇన్సులిన్ ఇవ్వలేదు. అక్కణ్ణుంచి ఆస్పత్రికి, ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చేసరికి ఎడమ పాదం లేదు. ఆ జైలుకీ కౌంటీ పోలీసులకీ పెద్ద, ఓట్లతో ఎన్నికైన షెరీఫ్ టబ్స్ దగ్గరికి నేను వెళ్లాను. ఆయన టోపీ కూడా తియ్యకుండా, "జైలంటే హోటలు కాదు కదా" అన్నాడు. ఆ మాట విన్న రోజు నుంచీ నాకు అన్నం సహించలేదు. ఆ మనిషిని ఆ కుర్చీలోంచి దింపాలి. అంతకంటే నాకింకేం అక్కర్లేదు.

టబ్స్ మీద మా పార్టీ వాళ్లెవరూ నిలబడరు. నిలబడితే ఓడిపోతారు, ఓడిపోయాక ఆయన కౌంటీలోనే బతకాలి. అందుకని ఆగస్టులో కుడి బల్ల దగ్గర గెలిచినవాడే జనవరిలో షెరీఫ్. ఈసారి అక్కడ ఆయన మీద ఇద్దరు పోటీకి దిగారు. వాళ్లలో గార్లండ్ మీక్స్ అనే మాజీ హైవే పోలీసు జైల్లో నర్సుని పెడతానన్నాడు. మీక్స్ దేవదూతేం కాదు. నాకూ దేవదూత అక్కర్లేదు. ముల్లుని తియ్యాలంటే ముల్లే కావాలి.

ఇంతవరకే అయితే చిక్కు లేదు. చిక్కల్లా ట్రెనీస్. అక్క కూతురు. మా వైపు రోడ్లూ వంతెనలూ చూసే సూపర్‌వైజర్ పదవికి అదే ఆగస్టులో ఎడమ బల్ల దగ్గర నిలబడింది. ఎదుటివాడు ఇరవై ఏళ్లుగా కదలని ముసలి బీస్లీ. నాకున్నది ఒక్క ఓటు. అక్క కూతురికి వెయ్యాలా, తమ్ముడి పాదం తిన్నవాణ్ణి దింపాలా?

ఓట్లకి ముందు ఆదివారం చర్చి అయ్యాక అక్క ఇంట్లో భోజనాలు. కోడి వేపుడు, బటర్ బీన్స్, మొక్కజొన్న రొట్టె. నేను కుడి బల్లకి వెళ్తున్నానని చెప్పేశాను. అక్క చేతిలో గరిట గిన్నెలో పడింది.

"ఏమే ఓజెల్లా, పొరుగింటి పుల్లకూర రుచిగా ఉందా?"

"రుచి కోసం కాదక్కా. టబ్స్ కోసం."

"పోయినసారి బీస్లీ పదకొండు ఓట్లతో గెలిచాడు, తెలుసా? ఒక్కో ఓటుకీ ట్రెనీస్ ఇల్లిల్లూ తిరుగుతోంది. సొంత పిన్ని పోయి ఆ గుంపులో కూర్చుంటుందట! పైగా నువ్వొక్కదానివే కాదు, చర్చిలో పాటలు పాడే ఆడవాళ్లకి కూడా నూరిపోస్తున్నావట."

"నూరిపోశాను. రహస్యమా?"

"నాన్న ఓటర్ల పుస్తకంలో పేరు రాయించుకోవడానికి వెళితే కోర్టు మెట్ల మీద పడేసి కొట్టారు. మర్చిపోయావా?"

"నాకప్పుడు ఏడేళ్లు. రక్తం తుడిచింది నేను." నాకూ గొంతు లేచింది. "అప్పట్లో నాన్నని రానివ్వని బల్ల ఏదక్కా? ఆ రోజుల్లో కౌంటీని ఏలింది ఎవరు? నువ్విప్పుడు కూర్చునే బల్లే, అప్పటి డెమోక్రాట్లే. తెల్లవాళ్లకి తప్ప ప్రైమరీ లేదన్నది వాళ్లే. నాన్న దెబ్బలు తిన్నది బల్ల కోసం కాదు. ఓటు కోసం. అది ఎటు తీసుకెళ్లాలో నాకు ఒకళ్లు చెప్పక్కర్లేదు."

అక్క గిన్నెలో పడ్డ గరిట తీసుకుని వంటగదిలోకి వెళ్లిపోయింది. అరవై ఎనిమిదేళ్లలో ఆవిడ వాదన మధ్యలో వదిలెయ్యడం నేను చూసింది అదే మొదటిసారి. ట్రెనీస్ మాత్రం పళ్లెం పక్కకి నెట్టి నా మొహంలోకి చూసింది.

"పిన్నీ, రూఫస్ మావయ్య కోసమైతే వెళ్లు. కానీ నేను ఓడిపోతే పర్లేదులే అంటానని అనుకోకు. అనను."

"అనొద్దు," అన్నాను.

మంగళవారం పొద్దున్నే వెళ్లాను. నన్ను చూడగానే అక్క పుస్తకంలో నా పేరున్న పేజీ తీసి, పెన్ను నా వైపు తిప్పి పెట్టింది. ఇంకా ఆశే. నేను కుడికి తిరిగాను.

"దారి తప్పావా ఓజెల్లా?" అంది అక్క, అందరికీ వినబడేలా.

"లేదక్కా. ఇది కూడా దారే."

కుడి బల్ల పక్కన వాళ్ల పార్టీ తరఫున కాపలా చూసే క్రూస్ టోపీ పెట్టుకుని కూర్చున్నాడు. నేను ముప్ఫై ఒక్క ఏళ్లు బడి బస్సు నడిపాను, ఆయన పిల్లలు ముగ్గురినీ నేనే ఎక్కించుకుని దింపాను. అయినా నన్ను ఎప్పుడూ చూడనట్టు మొహం పెట్టాడు.

"ఓజెల్లా, నువ్వు ఈ బల్లకి కొత్తగా వస్తున్నావు."

"మిసెస్ పికెట్ అనండి. నేను మిమ్మల్ని మీరనే అంటాను."

ఆయన మెడ ఎర్రబడింది. "చట్టంలో ఒక మాటుంది. మా ప్రైమరీలో ఓటేసేవాళ్లకి నవంబర్లో మా అభ్యర్థినే బలపరిచే ఉద్దేశం ఉండాలి. మీకుందా?"

ఆ చట్టం సంగతి నాకు తెలుసు. లేదని నా నోటితో నేనంటే నా ఓటు కాగితం పక్కన పెట్టించొచ్చు. ఉందని అబద్ధం చెప్పడం నాకు ఇష్టం లేదు. నలుగురిలో దొంగలా నిలబడ్డానికి నేను రాలేదు.

"నవంబర్లో షెరీఫ్ కాగితం మీద ఎన్ని పేర్లుంటాయి క్రూస్ గారూ?"

"ఒకటి."

"ఎవరిది?"

"ఇక్కడ గెలిచినవాళ్లది."

"మరి ఇంకెవర్ని బలపరచమంటారు? మీ టోపీనా?"

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. పుస్తకం పట్టుకున్న తెల్లావిడ, "ఇక చాల్లే క్రూస్, ఆవిడ పేరు ఇక్కడుంది," అని కాగితం చేతికిచ్చింది. నేను మీక్స్ పేరు పక్కన గుండ్రం పూర్తిగా నల్లబరిచాను.

సాయంత్రానికి లెక్క తేలింది. మా చర్చి నుంచి నాతో కలిపి కుడి బల్లకి నడిచింది తొమ్మిది మంది. ట్రెనీస్ ఆరు ఓట్లతో ఓడిపోయింది. అటు టబ్స్ ఏమైనా పడ్డాడా అంటే, లేదు. మొదటి స్థానం ఆయనదే. సగం దాటలేదు గనక టబ్స్‌కీ మీక్స్‌కీ మధ్య మూడు వారాల్లో మళ్లీ పోటీ.

ఇంట్లో పిల్లని ఓడించుకుని బయటివాణ్ణి గెలిపించుకోలేకపోయాను. ఏ ఎండకా గొడుగు పట్టే రకమని చర్చి మెట్ల మీదే అన్నారు, నేను వింటుండగానే. ఏడుపొచ్చింది. ఏడిచాను కూడా. కానీ తప్పు చేశానని మాత్రం ఎవరి దగ్గరా అనలేదు. ఎందుకనాలి? పాదం పోయింది నా తమ్ముడికి.

పది రోజులు అక్క ఫోన్ ఎత్తలేదు. పదకొండో రోజు పొద్దున నా వంటగదిలోకి వచ్చి, కూర్చోకుండానే ఒక కాగితం బల్ల మీద కొట్టింది. దాని నిండా పేర్లు, ఆవిడ దస్తూరీ.

"ఏంటక్కా ఇది?"

"ఎడమ బల్లకి వెళ్లిన మేమెవ్వరం ఇప్పుడు కుడికి రాకూడదు. రూలు. నేను ఛస్తే మీక్స్‌కి వెయ్యలేను, ఒకవేళ వెయ్యాలనిపించినా సరే. కానీ మొదటి రోజు ఏ బల్లకీ రాని వెధవలున్నారు చూడు, వాళ్లకి అడ్డు లేదు. నూట నలభై మంది. ఒక్కొక్కడూ నాకు గుర్తే. నా కూతుర్ని ఓడించింది వీళ్లు."

"నేను కాదా?"

"నువ్వు కూడా. అది వేరే లెక్క, తర్వాత చూసుకుందాం. ముందు మొదటి పేరు చదువు."

చదివాను. రూఫస్.

కుడి బల్లకి రాలేదు గనక వాడు ట్రెనీస్‌కి ఓటేశాడనే అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్లూ. ఇద్దరం వాడింటికి వెళ్లాం. వాడు వరండాలో కూర్చుని, తీసి పక్కన పెట్టిన కట్టుడు పాదం వైపు చూస్తూ చెప్పాడు. "ఫైర్ స్టేషన్ దాకా వచ్చానక్కా. గుమ్మం దగ్గర కాపలాకి జైల్లో పనిచేసే డిప్యూటీని పెట్టారు. నా గదికి తాళం వేసినవాడే. బండిలో పావుగంట కూర్చుని తిరిగొచ్చేశాను."

ఆ మాట వాడెవరికీ చెప్పలేదు. సిగ్గుపడ్డాడు. సిగ్గుపడాల్సినవాడు టోపీ పెట్టుకుని తిరుగుతున్నాడు, వీడు సిగ్గుపడుతున్నాడు! అక్క వాడి పక్కన కూర్చుని, కట్టుడు పాదం వాడి చేతికిచ్చి, "తొడుక్కో. ఇవాళ్టి నుంచి రోజూ చర్చి దాకా నడుద్దాం. ఇంకా పది రోజులుంది," అంది.

ఆ పది రోజులూ అక్క, నేను, ట్రెనీస్ ఆ చీటీ పట్టుకుని తిరిగాం. ట్రెనీస్ ఎందుకొచ్చిందని అడిగితే, "నీ కోసం కాదు," అంది. అక్క తిట్లు పడలేక బండెక్కినవాళ్లే ఎక్కువ.

రెండో పోటీ రోజు ఫైర్ స్టేషన్‌లో కుడి బల్ల ఒక్కటే వేశారు. అక్కకి లోపల కుర్చీ లేదు, ఓటు కూడా లేదు. రోడ్డవతల ఎండలో నిలబడి, బండ్లలోంచి దిగేవాళ్లని ఒక్కొక్కళ్లనే లోపలికి తరుముతోంది. రూఫస్ నా భుజం పట్టుకోకుండా నడిచాడు. గుమ్మం దగ్గర అదే డిప్యూటీ.

"ఏం రూఫస్, కాళ్లెలా ఉన్నాయి?" అన్నాడు నవ్వుతూ.

రూఫస్ ఆగాడు. "ఒకటి బాగానే ఉంది. జరుగు."

డిప్యూటీ జరిగాడు.

టబ్స్ యాభై మూడు ఓట్లతో ఓడిపోయాడు. మా చీటీలోంచి వచ్చినవాళ్లు తొంభై మంది పైనే.

తర్వాతి శనివారం గార్లండ్ మీక్స్ పెకాన్ గింజల తీపి వంటకం పళ్లెంలో పట్టుకుని మా వరండా మెట్లెక్కాడు. లోపల అక్క, ట్రెనీస్, రూఫస్ ఉన్నారు. నేను జాలీ తలుపు తెరిచి గుమ్మంలోనే నిలబడ్డాను.

"మిసెస్ పికెట్, మీ మేలు మర్చిపోను. ఇక మీరు మా వాళ్లే," అన్నాడు.

"కాను. జైల్లో నర్సు ఏ రోజు నుంచి ఉంటుంది?"

"చూద్దామండీ. నేను పదవి చేపట్టాలి, సూపర్‌వైజర్ల బోర్డుతో మాట్లాడాలి..."

"చూద్దామా?" నా వెనకాల అక్క లేచి నిలబడ్డ చప్పుడు వినబడింది. "ఆ చూద్దాం కోసం నేను మా అక్క కూతుర్ని ఓడించుకున్నాను. ఆ పిల్ల ఇక్కడే ఉంది. ఆ పిల్ల ఎదురుగా నాకు తేదీ చెప్పండి."

ఆయన మా అందరి మొహాలూ చూశాడు. చేతిలో పళ్లెం బరువుగానే ఉన్నట్టుంది. సెప్టెంబర్ ఎండ కూడా తక్కువేం లేదు. తేదీ నోటితో చెప్పేదాకా ఆయన్ని నేను కూర్చోమనలేదు.