కందెన పూసిన స్కీ

నేను ఒక ఎడమకాలి స్కీని. మంచు మీద జారడానికి మనిషి కాలికి కట్టుకునే పొడవాటి చెక్కబద్దను. ఎడమకాలిదాన్నని ఎందుకు చెప్పుకుంటున్నానంటే, కుడికాలిది ఇప్పుడు లేదు. చెప్పుల జతలో ఒకటి పోతే రెండోదాన్ని మీరు పెంటకుప్ప మీద పారేస్తారు. నన్ను మాత్రం దీపాల కింద రెండు దిమ్మెల మీద ఎత్తి పెట్టి, టిక్కెట్టు పెట్టి మరీ చూపిస్తున్నారు. మనుషుల తీరు నాకు ఏనాడూ అంతుపట్టలేదు.

హిమాచల్ కొండల్లో ఒక చిన్న ఊళ్లో మంచు ఆటల మ్యూజియం ఉంది. అదే నా మకాం. ఇక్కడ 'ముట్టుకోరాదు' అన్న బోర్డు వెతికినా దొరకదు. అన్నీ ముట్టుకోవాలి, నొక్కాలి, ఎక్కి తొక్కాలి. ఒక గదిలో స్ప్రింగుల పలక మీద నిలబడితే ఎదురుగా తెరలోని కొండ మన మీదికి దూసుకొస్తుంది, పెద్ద ఫ్యాను చల్లగాలి కొడుతుంది, అప్పటిదాకా హుందాగా ఉన్న పెద్దమనుషులు కెవ్వున అరుస్తారు. నా పక్కన ఒక ఎర్ర బటన్ ఉంది. దాన్ని నొక్కితే నేను మాట్లాడతానట! మాట్లాడేది నేను కాదు, ఎవరో గొంతు బాగున్నాయన. 'నేను ఒక వీరసైనికుడి నేస్తాన్ని, ఎన్నో శిఖరాలు జయించాను' అంటాడు హిందీలో. నేను ఒక్క శిఖరమూ జయించలేదు. ఎక్కేటప్పుడు నన్నే భుజాన మోసేవారు. దిగడానికే నేను పనికొచ్చేదాన్ని, అదీ ఒకరోజు సరిగా పనికిరాలేదు. ఆ రోజు సంగతి ఆయనకు తెలియదు. ఈ లోకంలో నాకు తప్ప ఎవరికీ తెలియదు.

బెలీరాం అనే ముసలి వడ్రంగి నన్ను చెక్కాడు. ఒకే మానులోంచి మమ్మల్ని ఇద్దరినీ కోసి, మా ముక్కులను మరిగే నీళ్లలో నానబెట్టి, పైకి వంచి, ఆరేదాకా తాళ్లతో బిగించి కట్టాడు. ఆ వంపు కోసం పడ్డ బాధ ఇంకా గుర్తుంది. తరవాత సైన్యం కొట్లో చేరాం. కాల్చిన ఇనుముతో మా ముక్కుల మీద 41 అని వాత పెట్టారు. ఇద్దరికీ అదే పేరు, అదే ఇల్లు. కొన్ని చలికాలాల పాటు ఎవరెవరి కాళ్లకో కట్టారు. చివరికి సనపల నీలాచలం చేతికొచ్చాం.

నీలాచలానిది శ్రీకాకుళం వైపు రాజాం దగ్గర పల్లె. మంచు అంటే వాళ్ల ఊళ్లో మాఘమాసం పొద్దున గడ్డి మీద కనిపించే తడి. అలాంటివాడు సైన్యంలో చేరి, ఆరేళ్లు తిరిగేసరికి పటాలంలో అందరికీ స్కీ నేర్పే హవల్దారయ్యాడు. నెమ్మదైన మనిషి. ఎవరినీ నొప్పించే మాట ఆయన నోట రాదు. మమ్మల్ని రోజూ తుడిచి, అడుగున మైనం రుద్ది, గోడకు ఆనించి, 'పడుకోండమ్మా' అనేవాడు. అలా అన్నవాడు నా బతుకులో ఆయనొక్కడే.

ఎనభై నాలుగో సంవత్సరం చలికాలంలో గేదెల తవిటయ్య వచ్చాడు. ఇరవై రెండేళ్ల కుర్రాడు, పాలకొండ అవతలి ఊరు. తండ్రి ఎద్దుబండి తోలేవాడు. తవిటయ్య లేచిన ప్రతిసారీ పడేవాడు, పడిన ప్రతిసారీ నవ్వేవాడు. నీలాచలం వాణ్ని సొంత తమ్ముడిలా వెంటేసుకుని తిరిగాడు. భోజనాల దగ్గర ఇద్దరూ ఒక మూల చేరి తమ యాసలో మాట్లాడుకుంటుంటే పంజాబీ కుర్రాళ్లు వేళాకోళం చేసేవారు.

తనకు ఇంత చేసిన అన్నకు తానూ ఏదో ఒకటి చెయ్యాలని తవిటయ్యకు బుద్ధి పుట్టింది. ఇంటి నుంచి తెచ్చుకున్న సీసాలో ఆముదం ఉంది. స్టవ్వు మసి గీకి అందులో కలిపి, బండి ఇరుసుకు పెట్టే కందెనలా నూరి, మా ఇద్దరి అడుగునా దిట్టంగా పట్టించాడు.

"అన్నా, నీ బద్దలకి కందెన ఎట్టీసినాను. మా అయ్య బండికి ఎడతాడే, అదే. ఇంక సూడు, జర్రున ఎలిపోతావు!"

ఆముదానికి మంచు అంటుకుంటుంది. చలికి బంకలా బిగుసుకుని, వేసిన ప్రతి అడుగుకూ మంచును ముద్దలు ముద్దలుగా పట్టేస్తుంది. నీలాచలానికి ఆ సంగతి బాగా తెలుసు. కానీ ఎదురుగా వాడి మొహం అలా వెలిగిపోతుంటే ఆయనకు చెప్పబుద్ధి కాలేదు.

"ఓరి, ఎంత పని సేసినావురా!" అని నవ్వి ఊరుకున్నాడు.

ఆ మధ్యాహ్నం తవిటయ్య వంటశాలలో రొట్టెల డ్యూటీకి వెళ్లగానే, నీలాచలం నన్ను మోకాళ్ల మీద బోర్లా పడుకోబెట్టుకుని, కత్తితో ఆ కందెనంతా గీకేశాడు. మధ్యలో ఒకసారి వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుని, కాసేపు కదలకుండా కూర్చున్నాడు. ఆముదం వాసనకు ఆయనకు ఇల్లు గుర్తొచ్చిందేమో. తరవాత కుడిదాన్ని కూడా గీకి, ఇద్దరికీ కొత్తగా మైనం రుద్ది, గీకిన పిప్పిని కాగితంలో చుట్టి, తవిటయ్య కంట పడకుండా పొయ్యిలో వేసేశాడు. ఇదంతా నా ఒంటి మీద జరిగింది. చూసినవాళ్లు ఇంకెవరూ లేరు.

మర్నాడు పొద్దున గస్తీకి బయల్దేరుతూ తవిటయ్య ఆత్రంగా అడిగాడు, ఎలా ఉందన్నా అని.

"నీ కందెన మా గొప్పగుందిరా తవిటీ. ఆగమన్నా ఆగదు," అన్నాడు నీలాచలం.

కుర్రవాడి సంతోషం కోసం ఆడిన చిన్న అబద్ధం అది. దాని బరువు ఎన్నేళ్లు, ఎవరు మొయ్యాలో ఆ పొద్దున ఎవరూ అనుకోలేదు.

ఎనిమిదిమంది. దారిలో ఒక నిటారు వాలు అడ్డంగా దాటాలి. పైన మంచు వదులుగా ఉంటే అది విరిగి మీద పడుతుంది కాబట్టి, అలాంటి చోట్ల ఒకరు పూర్తిగా దాటాకే ఇంకొకరు కదలాలి. తవిటయ్య ఏడోవాడుగా దాటి అవతలి గట్టెక్కాడు. అందరికంటే వెనక నీలాచలం. బాగానే వచ్చాం. మైనం చక్కగా జారుతోంది. సరిగ్గా నడిమధ్యకు వచ్చాక ఆయన ఆగాడు.

ఎందుకు ఆగాడంటే నా వల్ల. బూటును నాకు బిగించే తోలుపట్టీ ఒకటి ఉంటుంది. అది ఇనుపకొక్కెం కిందికి దూరే చోట లోపల పగిలి ఉంది. పైకి కనిపించదు, చేతికి తగలదు. చలికి అది ఆ క్షణాన పుటుక్కున తెగింది. ఒంటి స్కీ మీద ఆ వాలు దాటలేక ఆయన ఆగి, వంగి, తాడు ముక్కతో నన్ను కాలికి కట్టుకోబోయాడు.

"అన్నా, ఏటయిందన్నా?" అవతలి నుంచి తవిటయ్య కేక.

నీలాచలం చెయ్యి ఎత్తి, ఏం లేదన్నట్టు ఊపి, మళ్లీ వంగాడు. రెండు నిమిషాలు పట్టి ఉంటుంది. అంతలో పైన ఎక్కడో కొత్త గుడ్డ చింపినట్టు చప్పుడైంది. కొండంతా కదిలి మీదికి వచ్చింది. తెగి ఉన్నాను కనక నేను ఆయన కాలి నుంచి ఊడి పక్కకు ఎగిరిపడ్డాను. కుడిది ఆయనతోనే పోయింది. మూడో రోజున ఆయన్ని తవ్వి తీశారట, కుడిది మాత్రం దొరకనే లేదట. నేను వేసవి దాకా మంచులోనే ఉన్నాను.

తరవాత నన్నొక గొర్రెలకాపరి ఏరుకుపోయాడు. ఆయన భార్య ఏళ్ల తరబడి నా మీద పచ్చళ్ల జాడీలు పెట్టుకుంది. వాళ్ల దగ్గర నన్ను కొని మ్యూజియంవాళ్లు చాలా మర్యాద చేశారు. నీలాచలం కత్తిగీతలు పోయేదాకా నా అడుగును ఉప్పుకాగితంతో రుద్ది, వార్నీషు కొట్టారు. తెగిన పట్టీ తీసి పారేసి కొత్తది బిగించి, అది పాతదిలా కనిపించడానికి రంగేసి, రాయిపెట్టి అరగదీశారు. ఇప్పుడు వచ్చినవాళ్లు అందులో పాదం దూర్చి ఫొటో దిగవచ్చు. నా దగ్గరున్న సాక్ష్యం ఆ గీతలు, ఆ తెగిన పట్టీ మాత్రమే. రెండూ పోయాయి. 41 అన్న వాత మాత్రం మిగిలింది.

పాలకొండ కుర్రవాడొకడు పెళ్లయిన కొత్తలో భార్యతో ఇక్కడికొచ్చి, నా మీద కాలు పెట్టి ఫొటో దిగి, వీధివాళ్లందరికీ ఫోన్లో పంపాడు. ఆ ఫొటోలో కొత్తజంట మొహాలు వదిలేసి నా నెంబరు చూసినవాడు ఒక్కడే ఉంటాడు.

ఆ నెంబరు చూసినాయనే పోయిన నెలలో వచ్చాడు. నలభై ఏళ్లు గడిచాయి. జుట్టు నెరిసింది, నడుము వంగింది. వెంట బడిలో పాఠాలు చెప్పే కూతురు ఉమ. నా ముందు నిలబడి, వాత మీద వేలు పెట్టి, "ఇదేనమ్మా, నీలాచలమన్నది," అన్నప్పుడు గొంతు గుర్తుపట్టాను. తవిటయ్య!

ఉమ ఎర్ర బటన్ నొక్కింది. గంభీరమైన గొంతు శిఖరాల గురించి చెప్పుకుపోయింది. ఆయన చెవి దగ్గరగా పెట్టి చివరిదాకా విని, తల అడ్డంగా ఊపాడు. ఏం వింటాననుకున్నాడో పాపం.

నా ఎదురుగా ఒక ప్రయోగాల బల్ల ఉంది. ఏటవాలు పళ్లెంలో యంత్రం చేసిన మంచు పరిచి ఉంటుంది. చిన్న చెక్కముక్కలకు రకరకాల మైనాలు రుద్ది జార్చి చూడవచ్చు. మైనం పూసిన ముక్క సర్రున కిందికి పోయింది. అప్పుడాయన సంచీలోంచి ఒక రేకు డబ్బా తీశాడు. మూత తియ్యగానే నాకు తెలిసిపోయింది. ఆముదం, మసి. ఇంటి దగ్గరే కలిపి తెచ్చుకున్నాడు! బల్ల దగ్గరి అమ్మాయిని హిందీలో బతిమాలుకుని, ఒక చెక్కముక్కకు అది పూసి, మంచు మీద కాసేపు ఉంచి వదిలాడు. అది జానెడు కదిలి ఆగిపోయింది. తీసి తిప్పి చూస్తే అడుగంతా మంచు ముద్దలు. ఆయన దాన్ని కూతురి ముందు పెట్టాడు.

"సూసినావా? ఇలాగే పట్టీసింది. అన్న వొంగి ఆ ముద్దలే గీకుతున్నాడు. అవతల్నించి నేను సూస్తానే ఉన్నాను. నేనే సంపీసినానమ్మా ఆయన్ని."

"నాన్నా, అలా అనకు. ఆయన ఇంకెందుకైనా ఆగి ఉండొచ్చు కదా? ఆ పట్టీయో ఏదో..."

నా గుండె ఝల్లుమంది. చెక్కకు గుండె ఏమిటనకండి. ఆయన నా మీదికి వంగి, పాత సిపాయి అలవాటుతో బొటనవేలు కొక్కెం కిందికి దూర్చాడు. సరిగ్గా అక్కడే. తెగిన చోటే. అటూ ఇటూ లాగి, బిగువు చూశాడు.

"పట్టీ గట్టిగానే ఉందమ్మా," అన్నాడు.

అది కొత్త పట్టీ అని చెప్పగలిగిన ఆ బల్ల దగ్గరి అమ్మాయి అప్పటికే వేరేవాళ్లకు టిక్కెట్లు చింపుతోంది.

ఆయన బెంచీ మీద కూలబడ్డాడు. "రేపు బండెక్కి తిన్నగా రాజాం ఎలిపోదుం. రాములమ్మొదినకి సెప్పీయాల."

రాములమ్మ నీలాచలం భార్య. తవిటయ్య ప్రతినెలా ఆమె గుమ్మం ముందుకు వెళ్లేవాడనీ, ఆమె ఇద్దరాడపిల్లలను తనే చదివించి పెళ్లిళ్లు చేశాడనీ అప్పుడు ఉమ మాటల్లో తెలిసింది.

"నలభై ఏళ్లు నిన్ను సొంత మరిదిలా చూసుకుంది నాన్నా. ఇప్పుడీ మాట వింటే ఆవిడ తట్టుకుంటుందా? మళ్లీ నీ మొహం చూస్తుందా?"

"సూడదు. తెలుసు. నా సేతికి అన్నం ఎట్టిన ప్రెతిసారీ సెప్పీదామనుకున్నాను. కందెన వల్లో కాదో తెలీక ఊరుకున్నాను. ఇప్పుడు తెలిసిపోనాది కదమ్మా. ఇంకెలా దాస్తాను?"

ఉమ తండ్రి చేతులు పట్టుకుని ఏడ్చింది. ఆయన ఏడవలేదు. నా దగ్గరకు వచ్చి, నా అడుగున, ఆ వార్నీషు మీద, అరచెయ్యి ఆనించి, "అన్నా, తప్పైపోనాది," అన్నాడు. సరిగ్గా అక్కడే నీలాచలం కత్తి ఆడింది. ఆ కందెనలో చుక్క కూడా ఆ రోజు నా ఒంటి మీద లేదు. ఆయన చెయ్యి వెచ్చగా ఉంది.

వాళ్లు తలుపు వైపు నడిచారు. మూడు రోజుల్లో ఒక ముసలామె ముందు కూర్చుని, చెయ్యని హత్య ఒప్పుకుంటాడు. ఆమె నమ్ముతుంది. తప్పు నాది. తెగింది నేను. నా చెక్కలో ఉన్న సత్తువంతా కూడదీసుకుని, నీలాచలం పిలిచినట్టు 'తవిటీ, ఆగరా' అని పిలవబోయాను. ఉమ తలుపు పట్టుకుంది. ఆయన మెట్లు ఒక్కొక్కటే చూసుకుంటూ దిగి వెళ్లిపోయాడు.