దోసకాయల సంచీ, నేనూ

నేను ఒక నెంబర్ ప్లేటును. హనుమకొండలో తిరిగే పాత స్కూటీకి వెనక వైపు ఉంటాను. ముందున్న నా జతది దారి చూస్తుంది. నేను దాటిపోయిన దుమ్మును చూస్తాను.

నా మొదటి యజమానురాలు స్వరూప, బడి పిల్లల వ్యాను నడుపుతుంది. ఎర్ర దీపం పడితే రోడ్డు ఖాళీగా ఉన్నా గీత వెనకే ఆగే మనిషి. స్కూటీని మరిది తిరుమలేశ్‌కు అమ్మినప్పుడు బండి అతని పేరుకు మార్పించుకోమంది.

"సుట్టాల నడుమ కాయితాలేంది వదినా?" అని నవ్వాడతను. ఆమె మొహమాటపడి ఊరుకుంది.

అతను చేసిన మొదటి పని నన్ను పైకి వంచడం. కెమెరాకు చిక్కకూడదట. ఇక నాకు ఆకాశం తప్ప ఏమీ కనిపించలేదు.

ఒకరోజు అతని తల్లి రత్నమ్మ సంతలో దోసకాయలు కొని, వంగి ఉన్న నన్ను కొక్కెం అనుకుని సంచీ తగిలించి, కొడుకు వెనక ఎక్కింది. తిరుమలేశ్ దగ్గరి దారి అని రాంగ్ రూట్‌లో పోనిచ్చాడు. బరువుకు నేను తిన్నగా అయ్యాను. సంచీ జారి దోసకాయలు రోడ్డంతా దొర్లాయి. సరిగ్గా అప్పుడే కెమెరా మెరిసింది.

చలానా మాత్రం స్వరూప ఫోనుకు వచ్చింది. బండి ఇంకా ఆమె పేరు మీదే ఉంది మరి. బడివాళ్ళు ఆమెకు పెద్ద బస్సు ఇవ్వబోతున్నారు. లైసెన్సు మీద తప్పు పాయింట్లు పడితే ఆ బస్సు ఇంకొకరికి పోతుంది. గడువులోగా అభ్యంతరం చెప్పుకోవాలి. ఆ సాయంత్రమే స్వరూప అత్తవారింటికి వచ్చింది.

"బండి నువ్వే నడిపినవని ఠాణల చెప్పు, తిరుమలేశూ."

"అందరికొస్తయ్ వదినా చలాన్లు. రాయితీ ఇచ్చినప్పుడు కడదాం తీ."

"రాయితీ పైసలకిస్తరు, పాయింట్లకియ్యరు. నా బస్సు పోతది."

రత్నమ్మ లేచింది. "ఇంటోన్ని పోలీసుల కాడికి గుంజుకపోతవా? వీడే అని ఏం సాక్షం?"

స్వరూప ఫోను చూపించింది. తిరుమలేశ్ వీపు. నేను. మా ఇద్దరి మధ్య, వెనక్కి తిరిగి, నోరు తెరిచి, కెమెరా వైపే చెయ్యి చాచిన రత్నమ్మ.

ముసలామె ఫోనును దగ్గరగా పెట్టి, దూరంగా పెట్టి చూసింది. "ఓ అవ్వా, నేనే! నా దోసకాయలు!" కొడుకు వైపు తిరిగింది. "ఆగురా ఆగురా అని మొత్తుకున్న. ఆగినవారా?" కొంగు నడుముకు చుట్టింది. "నడువుండ్రి. సాక్షం నేనే చెప్త."

మర్నాడు ఠాణాలో చెప్పింది కూడా, దోసకాయల సంగతి రెండుసార్లు. తిరుమలేశ్ తల వంచుకుని ఒప్పుకున్నాడు. పాయింట్లు అతని లైసెన్సు మీదికి పోయాయి, బండి అతని పేరుకు మారింది. నా మరలు అతనే బిగించాడు.

నిన్న సిగ్నల్ దగ్గర గీత వెనకే ఆగాం. మా వెనక పసుపు పచ్చ బస్సు ఒకటి వచ్చి ఆగింది. నేను వెనక్కే చూస్తాను గనుక అందరికంటే ముందు నేనే చూశాను, స్టీరింగ్ పట్టుకున్న స్వరూపను. ఆమె హారన్ కొట్టింది. రత్నమ్మ ఒడిలోని సంచీని గట్టిగా పట్టుకుని వెనక్కి తిరిగింది.

"మా కోడలు!" అని పక్క బండి మీది మనిషికి చెప్పింది. అతను ఎవరో కూడా ఆమెకు తెలియదు.

స్తంభం మీద కెమెరా ఉంది. మేమేమీ తప్పు చేయలేదు కాబట్టి ఫొటో తీయలేదు. తీసి ఉంటే అందరం ఎంత బాగా పడేవాళ్ళమో!