బల్బు పీకిన చెయ్యి

ఇలా దగ్గరికి జరగవే తల్లీ. ఇది నీ చెవిలో పడాల్సిన కథ.

ఆ పొద్దున మా తమ్ముడు ఓ డొక్కు వ్యాను మీదకు వంగి, పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు తాకించి, పిడి చెవికి ఆనించుకుని వింటున్నాడు. అందుకే వీధంతా వాణ్ణి చెవి మేస్త్రి అనేది. వంగిన వీపు, ఎన్ని సబ్బులు అరిగినా గోళ్ళ సందుల్లో వదలని నలుపు, గుండెనొప్పికి చొక్కా జేబులో మాత్రల డబ్బా. ఏ పాత బండి వచ్చినా ముందు తాళం తిప్పేవాడు. ఇంజను అంటుకోకముందే, స్టీరింగు ముందున్న మీటర్ల దగ్గర, ఇంజను రోగం చెప్పే పసుపు దీపం ఒక్కసారి వెలగాలి. వెలగలేదంటే, రోగం దాచడానికి ఎవరో బల్బు పీకేశారన్నమాట.

వెనకాల వాడికి ఇంకో పేరుండేది. బల్బు దొంగ.

పద్దెనిమిదేళ్ళ కిందట వాడు పనిచేసే షెడ్డులోనే మీ తాత ఓ వ్యాను కొన్నాడు. దాన్ని చూసి సిద్ధం చేసింది మా తమ్ముడే. దీపం వెలగడం లేదని మీ తాతకేం తెలుసు? ఇంజను కుదుపుతున్నా తోలుతూనే ఉన్నాడు. ఓ రోజు పొగగొట్టం ఎర్రగా కాలి, అడుగునుంచి మంట లేచింది. రెండు చేతులూ కమిలిపోయాయి. "బల్బు పీకింది నీ బావమరిదే" అని షెడ్డు యజమాని తేల్చేసి, వాణ్ణి గెంటేశాడు. మీ తాత నమ్మాడు. చచ్చేదాకా వాణ్ణి గడప తొక్కనివ్వలేదు. నేనా? నేనూ సగం నమ్మాను. మీ తాత పోయాక రోజూ అన్నం పట్టుకెళ్ళేదాన్ని గానీ ఆ మాట ఎత్తలేదు. వాడూ ఎత్తలేదు. కడుపులో నిప్పులు మూటగట్టుకుని కాచుక్కూర్చున్నాడు.

ఆ మధ్యాహ్నం నేను గిన్నెతో తమ్ముడి సొంత షెడ్డుకు వెళ్ళేసరికి, వాణ్ణి గెంటేసిన ఆ యజమానే వచ్చి ఉన్నాడు. జుట్టు నెరిసింది, చేతికర్ర పట్టాడు, పొగరు మాత్రం నెరవలేదు. పాత కారు గజగజ వణుకుతోంది, పసుపు దీపం మిణుకుమంటోంది. తమ్ముడి ముఖంలో గీత కదల్లేదు. బండి రోగం చదివే స్కానర్ తగిలించాడు. మూడో సిలిండరు మండడం లేదంది. నిప్పురవ్వ పుట్టించే కాయిల్ మూడోదాని మీంచి తీసి రెండోదాని మీద, రెండోది మూడోదాని మీద పెట్టాడు. ఈసారి తప్పు రెండోదానికి మారింది.

"కాయిల్ పోయిందండీ. మార్చాలి."

యజమాని దగ్గరికొచ్చి గొణిగాడు. "సాయంత్రం ఎవడో కొనడానికొస్తున్నాడు. మార్చడమెందుకు? బల్బు లాగెయ్."

"ఏంటండీ?"

"బల్బు లాగెయ్యవయ్యా!"

"చెవులు పనిచెయ్యట్లేదండీ. కాస్త గట్టిగా చెప్పండి."

చెవి మేస్త్రికి చెముడట! ఎదురు కొట్టులో మంగలి కత్తెర ఆపేశాడు. టీ తాగేవాళ్ళు గ్లాసులు దించారు.

యజమానికి ఒళ్ళు మండింది. కర్ర నేలకేసి కొట్టాడు. "బల్బు పీకమంటున్నా, చెవిటి వెధవా! ఆ రోజు మీ బావ వ్యానుకి నేను పీకలేదా? నా కొంపేమైనా మునిగిందా?"

వీధంతా మా వైపు తిరిగింది.

"అక్కా, వినబడిందా?" అన్నాడు తమ్ముడు.

"వినబడిందిరా."

వాడు బానెట్ ధడాలున వేశాడు. "నాక్కూడా ఇప్పుడు బాగా వినబడిందండీ. మీ బండికి చెయ్యి వేసేవాడు ఈ షెడ్డులో లేడు. వెళ్ళండి."

కారు కుదుపులతో కదిలింది. మంగలి గుమ్మంలోకొచ్చి కేకేశాడు. "ఒరేయ్, అదిగో, బల్బు దొంగ పోతున్నాడు!" వీధంతా అందుకుంది. సాయంత్రం కొనేవాడు రాకముందే ఆ కేక యజమాని ఇంటికి చేరింది. నాకు జాలి కలిగిందా అంటావా? లేదే. కారు మలుపు తిరిగేదాకా కళ్ళారా చూశాను.

తమ్ముడు మెతుకు మిగల్చకుండా తిన్నాడు. మాత్రల డబ్బా తీసి నా చేతిలో పెట్టాడు. "ఇందులోది నన్ను గెంటేసిన రోజు ఆ యజమాని సొరుగులో దొరికిందక్కా. అప్పుడే చూపిస్తే, నువ్వే పీకి తెచ్చావనేవాళ్ళు." కాసేపు నడుం వాలుస్తానని బళ్ళ కింద దూరే చక్రాల పలక మీద పడుకున్నాడు. నేను గిన్నె కడుక్కొచ్చి పిలిచాను. పలకలేదు. మళ్ళీ పిలిచాను. చెముడు నటిస్తున్నాడనుకున్నాను తల్లీ, చల్లబడిన చెయ్యి తాకేదాకా.

నేను పోయాక ఎవరైనా వాణ్ణి ఆ పాత పేరుతో పిలిస్తే, ఈ కథ చెప్పు. గట్టిగా, వీధికి వినబడేలా చెప్పు. ఇదిగో డబ్బా, మూత తీసి వెలుగులో చూడు. గింజంత బల్బు, లోపలి తీగ ఇంకా తెగలేదు.